పెద్ద చేపే వేటచేప అనుకున్నాను, పేగు కొలిచాక అయోమయంగా ఉంది

నీటిచుక్క:

అందరికీ నమస్కారం. జువాలజీ పీజీ రెండో ఏడాదిలో ఉన్నాను. నది చేప ఏం తింటుందో దాని ఒంటి సైజు, నోరు, పేగు చూసి ఎంతవరకు చెప్పొచ్చు అన్నది నా ప్రాజెక్టు. మొదలుపెట్టినప్పుడు నా లెక్క చాలా సులువుగా ఉండేది. చిన్న చేప నాచూ పురుగులూ తింటుంది, పెద్ద చేప చిన్న చేపని తింటుంది, అంతే. డ్రాఫ్ట్‌లో మొదటి పేరా అదే రాసేశాను.

నిన్నటితో ఐదు చేపలు కోయడం అయింది. ముట్టె కొస నుంచి తోక రెక్క మొదలు దాకా ఒంటి పొడవు కొలిచాను. గొంతు వెనక నుంచి మలద్వారం దాకా జీర్ణనాళం మొత్తం విప్పి దాని పొడవూ కొలిచాను. కింద పేగు అని రాసింది దాన్నే. అన్నీ సెంటీమీటర్లలో:

వాలుగ: ఒళ్ళు 58, పేగు 44
బొమ్మిడాయి: ఒళ్ళు 42, పేగు 19
కొర్రమీను: ఒళ్ళు 31, పేగు 22
గ్రాస్ కార్ప్: ఒళ్ళు 34, పేగు 78
రోహు: ఒళ్ళు 29, పేగు 261

రోహు దగ్గర చెయ్యి ఆగిపోయింది. పొట్ట తెరవగానే సన్నటి బూడిదరంగు దారాన్ని ఉండచుట్టి కుక్కినట్టు ఉంది. విప్పుతూ పోతే ట్రే చాల్లేదు. బల్ల మీద తడిగుడ్డ పరిచి, దాని మీద అటూ ఇటూ మడతలు వేసి కొలిచాను. ఒంటికి సరిగ్గా 9 రెట్లు. తప్పు కొలిచానేమోనని టెన్షన్ వచ్చి రెండోసారీ కొలిచాను, అదే వచ్చింది. పక్కనే ఉన్న కొర్రమీను కూడా ఇంచుమించు అంత చేపే. దాని పేగు ఒంటి పొడవులో ముప్పాతిక కూడా లేదు.

ఇప్పుడు నాకు అర్థం కానివి ఇవి. ఇద్దరిదీ ఒకే సైజు, తిండి మాత్రం పూర్తిగా వేరు, అలాంటప్పుడు సైజుకీ తిండికీ సంబంధమే లేదా? గడ్డి తినే గ్రాస్ కార్ప్‌కి పేగు రోహు కంటే పొడుగ్గా ఉండాలి కదా, 2.3 రెట్లే ఎందుకుంది? రోహు, గ్రాస్ కార్ప్ రెండింటి దవడల మీదా వేలు పెట్టి తడిమి చూశాను, ఒక్క పన్ను తగల్లేదు. మరి నమలడం ఎలా? చివరిది, బొమ్మిడాయి కూడా జంతువుల్నే తింటుంది కదా, పేగుని ఒంటి పొడవుతో భాగిస్తే కొర్రమీనుకి 0.71 వచ్చింది, దానికి 0.45 ఏమిటి?

మీసాలజెల్ల:

నేను సైన్సు చదివినవాణ్ణి కాదు. అక్వేరియంలో చేపలు పెంచుతాను, కాబట్టి కంటితో చూసింది మాత్రం చెప్తాను. నా దగ్గర అద్దానికి అతుక్కునే ప్లెకో చేపలు ఉన్నాయి. దక్షిణ అమెరికా నదుల జాతి. అది అద్దం మీద ఉన్నప్పుడు బయటి నుంచి చూస్తే నోరంతా కనిపిస్తుంది. పెదవులు రెండూ కలిసి గుండ్రటి బిళ్ళలా అతుక్కుంటాయి, మధ్యలో సన్నటి పళ్ళ వరసలు బ్రష్‌లాగా కిందకీ పైకీ గీకుతుంటాయి. గీకిన చోట పచ్చ పొర పోయి అద్దం తేటగా కనబడుతుంది. పిల్ల చేపైతే పొట్ట చర్మం పల్చగా ఉండి లోపల పేగు చుట్టలు కూడా కనిపిస్తాయి, మస్కిటో కాయిల్‌లా. బొటనవేలంత చేపలో అంత పేగు ఎలా పట్టిందా అని ఎప్పుడూ అనుకుంటాను. కాబట్టి నీటిచుక్క గారూ, మీ రోహు కొలత తప్పు కాదనే నా నమ్మకం.

పాత మైక్రోస్కోప్:

నీటిచుక్క గారూ, మీ కొలతలు బాగున్నాయి. తప్పింది మొదటి పేరా ఒక్కటే. అయినా దాన్ని కొట్టెయ్యకండి. అలాగే ఉంచి, మీ ఐదు చేపలూ దాన్ని ఎక్కడ కాదన్నాయో కింద రాయండి. ప్రాజెక్టుకి అదే ప్రాణం అవుతుంది.

నేను 26 ఏళ్ళు ప్రాక్టికల్ క్లాసుల్లో చేపలు కోయించాను. ముందు మీ పళ్ళ ప్రశ్నకి వస్తాను, ఎందుకంటే అది తెలిస్తే గ్రాస్ కార్ప్ సంగతి దానంతటదే తేలుతుంది.

కార్ప్ కుటుంబం మొత్తానికీ దవడల్లో పళ్ళుండవు. జీర్ణాశయం కూడా ఉండదు, గొంతు దాటితే నేరుగా పేగే. పళ్ళున్నది గొంతులో. మొప్ప మూత ఎత్తి చూడండి. ఎర్రటి దారాలున్న మొప్ప వంపులు నాలుగు వరసగా ఉంటాయి. వాటిని జరిపితే వెనక ఐదో వంపు ఉంటుంది, దానికి ఎర్ర దారాలుండవు. కొడవలిలా వంగిన ఎముక, పక్కకొకటి. కత్తెరతో రెండు కొసలూ తెంపి జాగ్రత్తగా బయటికి తియ్యండి. వేడినీళ్ళలో ఒకటి రెండు నిమిషాలు ఉంచి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే మాంసం ఊడిపోయి పళ్ళు బయటపడతాయి. వీటికి ఎదురుగా, పుర్రె అడుగున గట్టి కొమ్ములాంటి దిమ్మ ఒకటి ఉంటుంది. పళ్ళు ఆ దిమ్మకి అదిమి నూరతాయి. అంటే మీరు వేలు పెట్టి వెతికిన చోటికి నాలుగు వేళ్ళ వెనక ఉంది అసలు నోరు.

రోహు పళ్ళు మూడు వరసల్లో దగ్గరదగ్గరగా, నలిగిన అంచులతో ఉంటాయి. కామన్ కార్ప్‌వి మన దవడ పళ్ళలా బల్లపరుపుగా ఉంటాయి. నత్తలు తినే బ్లాక్ కార్ప్‌వి చూస్తే గుండ్రటి రాళ్ళే, గుల్లని చిదిమెయ్యడానికి. గ్రాస్ కార్ప్‌వి మీరే తీసి చూడండి, ముందే చెప్తే ఆ ఆనందం పోతుంది.

ఇప్పుడు పేగు. మనం శాకాహారి అని ఒకే మాట వాడతాం కానీ, రోహు తినేదీ గ్రాస్ కార్ప్ తినేదీ ఒకటి కాదు. రోహు, అంతకంటే ఎక్కువగా మృగాల, తినేది సన్నటి నాచు, కుళ్ళిన ఆకు పొడి, దానితో కలిసివచ్చే బురద. పిడికెడు మింగితే అందులో పనికొచ్చేది చిటికెడు. ఆ చిటికెడు పీల్చుకోవాలంటే మెల్లగా, చాలా దూరం ప్రయాణం చేయించాలి. అందుకే ఆ చుట్టలు. గ్రాస్ కార్ప్ దారి వేరు. ఆకుని గొంతులో తెంపి, చీల్చి, పగిలిన కణాల్లోంచి దొరికినంత తీసుకుని మిగతాది తోసేస్తుంది. తిన్నదాంట్లో సగం దాకా అరగకుండానే బయటికి పోతుంది. దాని బదులు రోజంతా తింటూనే ఉంటుంది. పొడుగు పేగుతో కొంచెం తిని ఎక్కువ రాబట్టడం ఒక పద్ధతి, పొట్టి పేగుతో ఎక్కువ తిని కొంచెమే రాబట్టడం ఇంకో పద్ధతి. మీ 2.3, 9 అంకెలు ఈ రెండు పద్ధతులే.

మీసాలజెల్ల గారి ప్లెకోల బంధువు ఒకటి ఉంది, పనాక్ అంటారు. నీళ్ళలో పడిన చెక్కని గీకి తింటుంది. పేగు చాలా పొడుగు. చెక్కని అరిగించుకుంటుందని చాలాకాలం అనుకున్నారు. తీరా పరీక్షించి చూస్తే చెక్క పొడి నాలుగు గంటలలోపే పేగు దాటేస్తోంది. అది బతికేది చెక్క మీద కాదు, చెక్కని కుళ్ళబెట్టే సూక్ష్మజీవుల మీదా, అవి విడగొట్టిన పదార్థం మీదా. పొట్టలో ఏముందో చూడటం, చేప దేనివల్ల బతుకుతోందో తెలుసుకోవడం వేర్వేరు పనులని నేను గట్టిగా నమ్మేది ఇందుకే.

నా అనుభవం ఒకటి చెప్తాను. చదువుకునే రోజుల్లో ఒక కొర్రమీను జీర్ణాశయంలో పచ్చటి నాచు పోగులు కనిపించాయి. రికార్డులో మిశ్రమాహారి అని రాసేశాను. మా ల్యాబ్ మేడమ్ ఏమీ అనకుండా ఆ చేపని మళ్ళీ ట్రేలో పెట్టి, భూతద్దం చేతికిచ్చి, ఇంకోసారి చూడమన్నారు. సగం అరిగిన చిన్న చేప ఒకటి, చర్మం కరిగి వెన్నుముల్లు తేలి ఉంది. ఆ నాచు దాని పొట్టలోంచి జారి బయటపడింది. కొర్రమీను నాచు తినలేదు, నాచు తిన్నదాన్ని తిన్నది. ఆ తర్వాత ఎన్ని వందల చేపలు కోసినా, పచ్చగా ఏది కనిపించినా పక్కన ముల్లు ఉందేమో ముందు వెతుకుతాను. మీరూ వెతకండి.

నోరు గురించి. బొచ్చె, రోహు, మృగాల మూడూ ఒకే సైజువి పక్కపక్కన పెట్టి మూతులు మాత్రం చూడండి. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, నీటి పై పొరలో జంతు ప్లవకాల కోసం, అంటే నీళ్ళలో తేలే సన్నటి జీవుల కోసం. రోహు నోరు కొంచెం కిందికి, పెదవికి కుచ్చులు. మృగాల నోరు ఇంకా కిందికి, అడుగు బురద కోసం. సైజు ఒకటే, ఒకే నీళ్ళు, మూడు వేరువేరు అంతస్తుల్లో తిండి. ఆ తర్వాత మొప్ప వంపుల లోపలి అంచు చూడండి, అక్కడుండే ముళ్ళలాంటి వాటిని గిల్ రేకర్లు అంటాం. బొచ్చెకి సన్నగా, దగ్గరదగ్గరగా ఉండి జల్లెడ పనిచేస్తాయి. సిల్వర్ కార్ప్‌కి ఒకదానితో ఒకటి కలిసిపోయి స్పాంజిలా అయిపోతాయి, వృక్ష ప్లవకాలంత సన్నటివాటిని కూడా పట్టేస్తాయి. మీ వాలుగకి మాత్రం కొద్దిగా, మొద్దుగా ఉంటాయి, ఎందుకంటే దానికి వడకట్టేదేమీ లేదు.

మీ మొదటి పేరా నిజమయ్యేది వాలుగ లాంటి చేపల దగ్గరే. అవి వేటని ముక్కలు చెయ్యవు, నిలువునా మింగుతాయి. కాబట్టి నోరు ఎంత తెరుచుకుంటే అంత లావు చేపే దాని హద్దు. ఒళ్ళు పెరిగితే నోరు పెరుగుతుంది, నోరు పెరిగితే మింగగలిగే చేప సైజు పెరుగుతుంది. వాలుగ నోటి చీలిక కంటి వెనక దాకా పోతుంది, దాన్ని స్కేలు పెట్టి కొలవండి. వేటచేపల్లో ఒంటి పొడవు కంటే నోటి వెడల్పు ఎక్కువ చెప్తుంది.

బొమ్మిడాయి ప్రశ్న నేను ముట్టుకోవడం లేదు. ఈ ఫోరంలో లెక్కల మనిషి ఒకరున్నారు.

ఘనమూలం:

నన్నే అన్నారనుకుంటాను. బొమ్మిడాయి పేగు పొట్టిది కాదు, దాని ఒళ్ళు పొడుగు. పాములా సన్నగా సాగిన చేపకి పేగు పొడవుని ఒంటి పొడవుతో భాగిస్తే జవాబు ఎప్పుడూ తక్కువే వస్తుంది. ఒళ్ళు ఎత్తుగా, పొట్టిగా ఉన్న చేపకి ఎక్కువొస్తుంది. అది తిండి తేడా కాదు, ఆకారం తేడా. దీనికోసం జీలర్ సూచిక అని ఒకటి వాడతారు. పేగు పొడవుని సెంటీమీటర్లలో తీసుకుని, గ్రాముల్లో ఉన్న బరువుకి ఘనమూలం తీసి, దానితో భాగించండి. మీ దగ్గర బరువులు ఉంటే మళ్ళీ వేసి చూడండి.

ఇంకో జాగ్రత్త. చాలా జాతుల్లో ఒళ్ళు పెరిగినదానికంటే పేగు వేగంగా పెరుగుతుంది. 10 సెంటీమీటర్ల రోహునీ 40 సెంటీమీటర్ల రోహునీ కలిపి సగటు తీస్తే ఆ అంకెకి అర్థం ఉండదు. అన్నిటినీ తాజాగా కొలిచారా, కొన్ని ఫార్మలిన్‌లో ఉంచి కొలిచారా అన్నది కూడా రాయండి. తాజా పేగు లాగితే సాగుతుంది, ఫార్మలిన్‌లో ఉన్నది కుంచించుకుపోతుంది.

నీటిచుక్క:

సార్, మేడమ్ ఎవరో తెలియదు కాబట్టి అందరికీ ఒకేసారి థ్యాంక్సండీ. అన్నీ తాజావే కొలిచాను, లాగలేదు. బరువులు ఉన్నాయి, రాత్రికి లెక్క వేస్తాను.

ఒక్క సందేహం మిగిలింది. వేటచేపల్లో సైజు పనిచేస్తుందన్నారు. మొత్తం నదిని తీసుకుంటే? అన్నిటికంటే పెద్ద చేప ఆహార గొలుసులో అన్నిటికంటే పై మెట్టు మీద ఉండాలి కదా?

పాత మైక్రోస్కోప్:

ఉండనక్కర్లేదు. మెకాంగ్ నదిలో జెయింట్ క్యాట్‌ఫిష్ అని ఉంది. 2005లో థాయిలాండ్‌లో దొరికింది 2.7 మీటర్లు, 293 కిలోలు. అంత చేపకి నోట్లో పళ్ళే లేవు, తినేది ప్రధానంగా నాచు. దాని పిల్లలకి మాత్రం పళ్ళుంటాయి, జంతు ప్లవకాలు తింటాయి, ఒకదాన్నొకటి కూడా తినేస్తాయి. చిన్నప్పుడు వేట, పెద్దయ్యాక మేత. మీ మొదటి పేరాకి పూర్తిగా తలకిందులు.

అమెజాన్‌లో తంబాకి కూడా ఇలాంటిదే. పిరానాల దగ్గరి చుట్టం, ఒక మీటరు దాకా పెరుగుతుంది. పిల్లగా ఉన్నప్పుడు గిల్ రేకర్లతో ప్లవకాలు వడకట్టుకుంటుంది. పెద్దయ్యాక, వరద అడవిలోకి వచ్చినప్పుడు చెట్ల నుంచి రాలే పండ్లూ గింజలూ తింటుంది. గట్టి గింజల్ని పగలగొట్టే పళ్ళున్నాయి దానికి.

ఇందులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది పిల్లల సంగతి. గుడ్డు సొన అయిపోయాక నది చేపపిల్లల్లో చాలా వరకు మొదట తినేది రోటిఫర్ల లాంటి సన్నటి జంతువుల్నే. రోహు పిల్ల కూడా అంతే. అప్పుడు దాని పేగు ఇంచుమించు తిన్నటి గొట్టం, చుట్టల్లేవు. ఎదిగేకొద్దీ తిండి మారుతుంది, చుట్టలు పడతాయి. కాబట్టి ఒకే జాతిలో సైజు చాలా చెప్తుంది. జాతికీ జాతికీ మధ్య పోలిస్తే దాని మాట చెల్లదు. మీ ప్రాజెక్టుని ఈ రెండు భాగాలుగా విడగొట్టమని నా సలహా.

ఘనమూలం:

పెద్ద చేప మేత మీద ఎలా బతుకుతుందో కూడా లెక్కలోనే ఉంది. చేప బరువు రెట్టింపైతే పొట్టలో చోటు దాదాపు రెట్టింపవుతుంది. రోజువారీ శక్తి ఖర్చు మాత్రం రెట్టింపవదు, దాదాపు 1.7 రెట్లే అవుతుంది. అంటే పెరిగేకొద్దీ నాసిరకం తిండితో గడుపుకునే వెసులుబాటు పెరుగుతుంది. చిన్న పిల్లకి ఆ వెసులుబాటు లేదు, వేగంగా పెరగాలి, ప్రొటీన్ కావాలి. పైగా నదిలో నాచూ కుళ్ళిన ఆకూ ఉన్నంతగా చేపలు ఉండవు, ఒక్కో మెట్టు ఎక్కినప్పుడు శక్తిలో పదో వంతే పైకి చేరుతుంది. కింది మెట్టు తిండి తినగలిగితే పెద్ద శరీరానికి సరిపోయేంత దొరుకుతుంది.

ఏ మెట్టు మీద ఉందో కొలవడానికి నత్రజని ఐసోటోపులు, అంటే బరువులో తేడా ఉన్న నత్రజని పరమాణువులు, వాడతారు. తిన్నదానికంటే తిన్నవాడిలో బరువైన నత్రజని వెయ్యికి 3.4 పాళ్ళ చొప్పున పెరుగుతుంది. సగటు లెక్కే అయినా బాగా పనిచేస్తుంది. వెనిజులాలోని సినారుకో నదిలో ఇలా కొలిచి 2005లో ప్రచురించారు. చేపలన్నిటినీ కలిపి చూస్తే ఒంటి సైజుకీ ఆహార మెట్టుకీ సంబంధం కనిపించలేదు. కారణం కూడా మీకు ఇప్పటికే తెలిసిందే. నాచూ బురదా తినే చేపల్లో చిన్నవీ ఉన్నాయి, బాగా పెద్దవీ ఉన్నాయి. పెద్ద వేటచేప ఆ మేతచేపనే నేరుగా మింగితే గొలుసు రెండు మూడు మెట్లలోనే అయిపోతుంది.

మీసాలజెల్ల:

ఇది చదివాక పెంపకంలో నేను చూసిన ఇంకోటి చెప్పాలనిపించింది. ఒకే ఈతలో పుట్టిన పిల్లల్ని రెండు తొట్లలో పెట్టి, ఒకదానికి ఎక్కువ ఆకుకూర, నాచు బిళ్ళలు, ఇంకోదానికి పురుగులు వేశాను. నాచు తొట్టిలోవి పొట్టలు గుండ్రంగా, రెట్టలు ఎప్పుడూ పొడుగ్గా వేలాడుతూ ఉండేవి. కోసి చూడటానికి మనసొప్పలేదు. తిండిని బట్టి ఒకే జాతిలో పేగు పొడవు మారుతుందా?

పాత మైక్రోస్కోప్:

మారుతుంది. పోషకాలు తక్కువున్న తిండి మీద పెంచినవాటికి పేగు పొడుగవడం చాలా జాతుల్లో చూశారు. మీరు కొయ్యకపోవడమే మంచిది. ఎప్పుడైనా ఏదైనా దానంతటది చచ్చిపోతే, వెంటనే కొలవండి. ఆలస్యమైతే పేగు దాని రసాలకే మెత్తబడి చేతిలో తెగిపోతుంది.

నీటిచుక్క:

లెక్క వేశాను. బొమ్మిడాయి 200 గ్రాములు, కొర్రమీను 400 గ్రాములు. పొడవుతో భాగిస్తే 0.45, 0.71 వచ్చినవి, బరువు ఘనమూలంతో భాగిస్తే 3.2, 3.0 అయ్యాయి. వాలుగ 1300 గ్రాములు, దానికి 4.0. మూడూ ఒక గుంపులోకి వచ్చి కూర్చున్నాయి. గ్రాస్ కార్ప్ 729 గ్రాములకి 8.7. రోహు 512 గ్రాములకి 32.6. కాగితం మీద ఈ ఐదు చుక్కలూ పెట్టుకుని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

గ్రాస్ కార్ప్ గొంతు ఎముక కూడా తీశాను. మొదటిసారి కత్తెర తప్పి ఎడమవైపు కొస విరిగింది, కుడివైపుది నిండుగా వచ్చింది. బ్రష్‌తో రుద్దుతుంటే గోరుకి గరగరా తగిలాయి. భూతద్దం కింద పెడితే ప్రతి పంటి పక్కనా దువ్వెన పళ్ళలా గాట్లు, చివర కొంచెం కొక్కెంలా వంగి ఉంది. పెద్ద వరసలో ఒక పక్క 4, ఇంకో పక్క 5 పళ్ళు, చిన్న వరసలో రెండేసి చిన్నవి. ఒక గాటులో ఆకు నార పోగు ఇంకా ఇరుక్కునే ఉంది. రంపం అనే మాట ఎందుకు చెప్పకుండా దాచారో అర్థమైందండీ.

మొదటి పేరా ఉంచేశాను. వచ్చే వారం 3, 6, 10 సెంటీమీటర్ల రోహు పిల్లలు దొరుకుతాయన్నారు. 3 సెంటీమీటర్లదాని పేగు చాలా సన్నగా ఉంటుంది కదా, నీళ్ళలో ముంచి విప్పాలా, గాజు పలక మీద తడిపి విప్పాలా?

పాత మైక్రోస్కోప్:

నీళ్ళలోనే విప్పండి. నల్లటి అడుగున్న గిన్నె తీసుకోండి, పేగు తెల్లగా కనిపిస్తుంది. ఫోర్సెప్స్ వద్దు, రెండు సన్నటి సూదులతో. ముందు పేగుని పట్టి ఉంచే పల్చటి పొరని తెంచుకుంటూ పోతే చుట్టలు వాటంతటవే తేలి విడిపోతాయి. కొలిచాక పారెయ్యకండి, చీల్చి లోపల ఏముందో మైక్రోస్కోప్ కింద చూసి ఇక్కడ రాయండి.